ఇంటి పెనం

అనకాపల్లికి నాలుగు మైళ్ళ దూరంలో, శారదా నది గట్టున, ఒక రైతు ఉండేవాడు. రెండెకరాల చెరకు తోట, ఒక గానుగ, ఒక పెనం ఆయన ఆస్తి. గానుగంటే ఎద్దులు తిప్పే పాతకాలపు గానుగ కాదు, మోటారుతో తిరిగే ఇనుప రోలర్లు. అయినా ఊరంతా దాన్ని గానుగనే అంటుంది, ఆయన్ని గానుగ తాత అంటుంది. పుష్యమాసం వచ్చిందంటే చీకటితోనే పెనం కింద మంట పడేది. తెల్లారేసరికి తియ్యటి పొగ ఊరి మీదంతా పరుచుకునేది. ఆ వాసన వస్తే ముసలివాళ్ళు పండగ దగ్గరికొచ్చిందనుకునేవాళ్ళు.

తాత తండ్రి కాలంలో వాళ్ళ బెల్లం ముదురు గోధుమ రంగులో ఉండేది. రసం కాగుతుండగా కాస్త సున్నపు తేట, చితక్కొట్టి నీళ్ళలో నానేసిన బెండ కాండాల జిగురు పోసేవాడు. మడ్డంతా నురుగుతో పైకి తేలేది, చిల్లుల గరిటెతో దేవి పారబోసేవాడు. అంతకు మించి ఆ పెనంలో చెరకు తప్ప మరొకటి పడేది కాదు.

తాత చేతికి గానుగ వచ్చేనాటికి లోకం తీరు మారింది. మార్కెట్‌లో వర్తకులు దిమ్మని గీరి, రంగు చూసి ధర కట్టేవాళ్ళు. పచ్చగా నిగనిగలాడితే మొదటి రకం. ఎరుపు తిరిగితే రెండో రకం. నల్లగా ఉంటే ధర తగ్గడమే కాదు, దానికి చెడ్డపేరు కూడా. నల్లబెల్లమంటే సారా బట్టీలకి పోయేదని అందరికీ అనుమానం. ఏడాది పాటు చెరకు పెంచి, నరికి, మోసి, వండి, చివరికి రంగు దగ్గర ఓడిపోవడం తాతకి కష్టంగా తోచింది. పక్క గానుగ రైతు ఒక తెల్ల పొడి డబ్బా చూపించాడు. పాకం దిగే ముందు గుప్పెడు చల్లితే చాలు, ముదురు రంగు కళ్ళ ముందే విరిగిపోయి పసుపు తేలుతుంది. దాన్ని హైడ్రోస్ అంటారు. అది ఏమిటో, ఎక్కడ తయారవుతుందో తాత అడగలేదు. అందరూ వేస్తున్నారు, తనూ వేశాడు.

అయితే ప్రతి ఏడూ సంక్రాంతికి ముందు ఒక రోజు, ఒకే ఒక్క పెనం, పొడి వెయ్యకుండా వండేవాడు. అది అమ్మకానికి కాదు. అరిసెలకి, పొంగలికి, మనవరాలి పాలలోకి, ఏడాది పొడుగునా ఇంట్లోకి. ఇంటి పెనం అనేవాళ్ళు దాన్ని. అందులో ఏదో తేడా ఉందని తాతకెప్పుడూ తోచలేదు. పత్తికో మిరపకో మందు కొట్టి, గట్టు పక్కన ఇంటికోసం రెండు మడుల వంకాయలు మందు లేకుండా పండించుకునే రైతుకి ఎలా తోచదో, అలాగే.

ఆ ఊరి సర్కారు బడిలో ఒకటో తరగతికి ఒక టీచరమ్మ ఉండేది. ఒకనాడు పిల్లలు బెల్లం వేసిన రాగి జావ తాగుతుండగా ఒక గుంటడు గ్లాసు ఎత్తి పట్టుకుని, “టీచర్, బెల్లం చెట్టుకి కాస్తాదా?” అని అడిగాడు. చెరకు తోటల మధ్య పుట్టిన పిల్లాడు. రోజూ చెరకు ట్రాక్టర్ల వెనక పరిగెత్తి గెడలు లాక్కునే పిల్లాడు. ఆ చెరక్కీ ఈ తీపికీ ఉన్న బంధుత్వం వాడికి ఎవరూ చెప్పలేదు. టీచరమ్మ ఆ సాయంత్రమే గానుగ దగ్గరికి వెళ్ళింది.

“తాతా, మా గుంటల్ని ఒకరోజు తెస్తాను. బెల్లం ఎలా అవుతుందో చూపిస్తావా?”

తాతకి పట్టరాని సంతోషం. ఇన్నేళ్ళలో ఆ గానుగ దగ్గరికి ధర అడగడానికి తప్ప ఎవరూ రాలేదు. “తీసుకురామ్మా. కానీ రోలర్ల దగ్గరికి ఒక్కరూ రాకూడదు, చెయ్యి పడిందంటే ఇంకంతే. పెనం చుట్టూ పది అడుగుల దూరంలో సున్నంతో గీత గీస్తాను. గీత దాటిన గుంటడికి బెల్లం లేదు. పొద్దున్నే వస్తే రసం పొయ్యడం చూస్తారు. పాకం దిగడానికి రెండు మూడు గంటలు పడతాది, అంతసేపు కూచోలేరు. మధ్యలో తోటలోకి తీసుకుపో.”

పద్దెనిమిది మంది వచ్చారు, ఒకరి చొక్కా చివర ఒకరు పట్టుకుని. వాళ్ళలో తాత మనవరాలు కూడా ఉంది. ఆరేళ్ళది. ఆ రోజు ఆ పిల్ల నడకే వేరు. గానుగ తనదైనట్టు నడిచింది.

రసం కాలువలోంచి తొట్టిలోకి పడుతుంటే పిల్లలు ముఖాలు చిట్లించారు. చెరకు రసం తెల్లగానో పచ్చగానో ఉంటుందనుకున్నారు. ఇది మురుగునీళ్ళలా బూడిద రంగులో ఉంది. తాత గీత ఇవతలికి వచ్చి తలా ఒక గుక్క పోశాడు. మురుగునీళ్ళు తియ్యగా ఉన్నాయని ఒకడు అరిచాడు. పిప్పిని ఎండబెట్టి అదే చెరకు రసం కింద మంటగా వేస్తారని చెబితే ఒక పిల్ల నమ్మలేదు, తడి పిప్పి చేత్తో పిండి చూసి, ఎండిన పిప్పి విరిచి చూసి, అప్పుడు ఒప్పుకుంది. తోటలోకి వెళ్ళారు, పిల్లలకంటే రెండింతలెత్తు చెరకు మధ్య దాక్కున్నారు, గెడలకి గణుపులు లెక్కపెట్టారు. బండెడు చెరకు చూపించి, దీన్నంతా వండితే ఎన్ని దిమ్మలవుతాయని తాత అడిగాడు. బండెడు అన్నారందరూ. టన్ను చెరకు ఆడితే వంద కిలోల బెల్లం వస్తే గొప్ప అని చెప్పాడాయన. తక్కిందంతా ఏమైందని ఒకడు దిగులుగా అడిగాడు. ఆవిరై ఆకాశంలోకి పోయిందనీ, పిప్పయి పొయ్యిలోకి పోయిందనీ తాత చెయ్యెత్తి పొగ చూపించాడు.

తిరిగి వచ్చేసరికి పెనంలో రసం చిక్కబడి, బుడగలు చిన్నవై, బంగారు చీమలు కదిలినట్టు కదులుతోంది. తాత చల్లనీళ్ళ గిన్నెలో ఒక చుక్క పాకం వేసి వేళ్ళతో ఉండ చేశాడు. ఉండ నిలిచింది. ఆయన చెయ్యి అలవాటుగా గోడ మీది డబ్బా మీదికి పోయింది.

“అదేటి తాతా?” అన్నాడు రాగి జావ గుంటడు.

తాత నోరు తెరిచేలోపే మనవరాలు అందుకుంది. తనకు తెలిసింది మిగతా వాళ్ళకి చెప్పే భాగ్యం మళ్ళీ ఎప్పుడొస్తుందో. “అది తెల్ల పొడి. అది ఏస్తే బెల్లం పచ్చగా అవుతాది. మా ఇంటి బెల్లానికి మాత్రం ఎయ్యడు.”

“మీ ఇంటికెందుకు ఎయ్యడు?”

“మేం తింటాం కదా,” అంది ఆ పిల్ల, ఇంత తేలిక సంగతి తెలియదా అన్నట్టు.

గుంటడు కాసేపు పెనం వంక చూశాడు. తర్వాత తాత వంక చూశాడు. వాడి గొంతులో కోపం లేదు, నింద లేదు. అర్థం కాని లెక్క టీచర్‌ని అడిగినట్టే అడిగాడు.

“మరి మేమో?”

మంట చిటపటలాడింది. టీచరమ్మ ఏదో అనబోయి ఆగింది. తాత చెయ్యి డబ్బా మూత మీదే ఉండిపోయింది. పాకం ఆగదు, దించాల్సిన క్షణం దాటితే అడుగంటుతుంది. కూలీలు ఆయన ముఖం వంక చూస్తున్నారు. తాత డబ్బా మీంచి చెయ్యి తీసి, “దించండ్రా,” అన్నాడు.

ఆ రోజు దిమ్మలు ముదురు రంగులో దిగాయి. వేడి బెల్లం ఆకుల్లో పెట్టి పద్దెనిమిది మందికీ పంచాడు. రాగి జావ గుంటడికి రెండు ముక్కలిచ్చాడు.

మర్నాటి నుంచి తాత మారిపోయాడని చెప్పడానికి వీల్లేదు. ఆ దిమ్మలకి మార్కెట్‌లో ధర తగ్గింది, ఇంటి దగ్గర అప్పు అలాగే ఉంది. మర్నాడు పొడి వేశాడు. ఎల్లుండీ వేశాడు. కానీ పాకం ఉండ కట్టిన ప్రతిసారీ ఆ రెండు మాటలూ ఆయనకి వినిపించేవి.

ఈలోగా ఊళ్ళో మరొకటి జరిగింది. ఇంట్లో బెల్లం అయిపోయి తల్లులు కొట్టుకి పంపిస్తే పిల్లలు పచ్చ దిమ్మ వద్దన్నారు. “ఇది పొడేసింది. మాకు తాత ఇంటి బెల్లం కావాలి.” కొట్టువాడు విసుక్కున్నాడు, తల్లులు మొదట నవ్వారు, ఆ తర్వాత ఒకావిడ నేరుగా గానుగ దగ్గరికే వచ్చి పొడి లేనిది రెండు కిలోలు అడిగింది. ఆ వెనక మరొకావిడ. ఆ ఏడు తాత రెండు పెనాలు పొడి లేకుండా వండాడు. మరుసటి ఏడు పది. టీచరమ్మ ప్రతి పుష్యంలోనూ కొత్త పిల్లల్ని తెచ్చేది, ఏ ఏటికా ఏడు కొత్త గుంటడెవడో ఆ డబ్బా చూపించి అదేటని అడిగేవాడు, తాత ప్రతిసారీ ఉన్నదున్నట్టు చెప్పేవాడు. మూడో ఏటికి ఆ గోడ మీద చూపించడానికి డబ్బా లేదు.

ఆ సంక్రాంతికి కోడలు అడిగింది, “మావయ్యా, ఇంటి పెనం ఎప్పుడు పెడతారు?”

“ఇంక వేరే పెనం ఎందుకమ్మా,” అన్నాడు తాత. “ఏ దిమ్మ కావాలంటే ఆ దిమ్మ తీసుకో.”

నీతి

తన పిల్లలకోసం వేరే పెనం పెట్టుకోవలసి వచ్చిన చోట వండింది ఎవరి పిల్లలకీ పెట్టదగింది కాదు. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టేది పసిపిల్లలే. అందుకే తిండి తయారయ్యే చోటికి వాళ్ళని చేయి పట్టుకుని తీసుకెళ్ళాలి. వాళ్ళు నేర్చుకుంటారని మాత్రమే కాదు. వాళ్ళు వచ్చి నిలబడితే వండేవాడి చెయ్యి కూడా నేర్చుకుంటుంది.

ఈ కథలో తప్పంతా తాతదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సగం తప్పు మనది. బెల్లాన్ని చేత్తో పట్టుకుని, వాసన చూడకుండా, నోట్లో వేసుకోకుండా, రంగు చూసి ధర చెప్పింది మనం. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల రంగులు విరిచే పనుల్లో వాడే రసాయనం. అది బెల్లంలో గంధకపు అవశేషం మిగులుస్తుంది. ఉబ్బసం ఉన్న కొందరికి సల్ఫైట్లు పడవు, ఊపిరి బిగుస్తుంది. పోనీ ఆ పసుపైనా నిలుస్తుందా అంటే నిలవదు. నిలవ ఉన్న కొద్దీ బెల్లం మళ్ళీ నల్లబడుతుంది. నాలుగు నాళ్ళ రంగుకోసం రైతుచేత మనమే ఆ డబ్బా మూత తీయించాం.

మేడారం జాతరలో బెల్లాన్ని బంగారమంటారు. రెండేళ్ళకోసారి సమ్మక్క, సారలమ్మల గద్దెల దగ్గరికి నిలువెత్తు బంగారం మోసుకెళ్ళి మొక్కు చెల్లిస్తారు. పిల్లల్ని కూడా తక్కెడలో కూచోబెట్టి వాళ్ళ బరువుకి సరిపడా బెల్లం తూస్తారు. ఆ తక్కెడ నాకెప్పుడు గుర్తొచ్చినా ఒళ్ళు జలదరిస్తుంది. ఒక పళ్ళెంలో బిడ్డ, ఒక పళ్ళెంలో బెల్లం. అడవి తల్లుల బిడ్డలు రంగు చూసి దానికి ఆ పేరు పెట్టారని నాకనిపించదు. బిడ్డతో సరితూగేది కాబట్టే బంగారమన్నారనిపిస్తుంది.

మనకి చట్టం లేక కాదు. 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. అధికారి వస్తాడు, నమూనా సీసాలో పట్టుకెళ్తాడు, ప్రయోగశాల నుంచి కాయితం వస్తుంది. అవన్నీ కావలసినవే. కానీ అధికారి వచ్చే రోజున డబ్బా దాచుకోవచ్చు. పసిపిల్ల వచ్చే రోజున ఎవరూ ఏదీ దాచరు, ఎందుకంటే పసిపిల్ల వస్తే భయం కాదు, మురిపెం కలుగుతుంది. మురిపెంలో తలుపులన్నీ తెరుచుకుంటాయి. పెద్దవాళ్ళం తయారీ చోటికి వెళ్తే ధర అడుగుతాం, ఎంత మిగులుతుందని అడుగుతాం. పిల్లలు “అదేటి?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకి తడబడకుండా జవాబు చెప్పగలిగిన వంటవాడి దగ్గర నేను కళ్ళు మూసుకుని తింటాను.

తీసుకెళ్ళడంలో కొంత ఓపిక కావాలి. నలభై మందిని బస్సులో పోసుకుని, గంటలో మూడు చోట్లు చూపించి, ఫొటో తీసి వెనక్కి తెచ్చే యాత్రల వల్ల పిల్లలకి మిగిలేది బస్సు ఒక్కటే. పది పదిహేను మంది చాలు, అయిదుగురికి ఒక పెద్ద మనిషి ఉండాలి. వేడి పెనం, తిరిగే చక్రం, పదునైన కత్తి ఉన్న చోట సున్నం గీత గీయాల్సిందే, ఆ గీత ఎందుకో పిల్లలకి ముందే చెప్పాల్సిందే. చెబితే వింటారు, వాళ్ళని నమ్మి పెద్ద పని దగ్గరికి తెచ్చామని వాళ్ళకి తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి. పిప్పి పిండనివ్వాలి, గింజ ఒలవనివ్వాలి, పిండి ముట్టనివ్వాలి. చూసింది మర్చిపోతారు, ముట్టింది మర్చిపోరు. వీలైతే అదే చోటికి మళ్ళీ తీసుకెళ్ళాలి. మొదటిసారి పిల్లలు వింత చూస్తారు. రెండోసారి గాని మనిషిని చూడరు.

దీనికి దూరాలు పోనక్కర్లేదు. నన్ను నా ఆరో ఏట మా అమ్మ పిండి మర దగ్గరికి తీసుకెళ్ళేది. తలుపు దగ్గరే ఆ రొద గుండెల్లోకి దిగేది. మరాయన కనుబొమలు, కనురెప్పలు తెల్లగా ఉండేవి. చాలాకాలం ఆయన్ని పండు ముసలివాడనుకున్నాను, పండగనాడు స్నానం చేసి ఎదురైతే మా నాన్న ఈడువాడని తెలిసింది. గుడ్డ గొట్టంలోంచి డబ్బాలోకి దిగే పిండిలో చెయ్యి పెట్టనిచ్చేవాడు. అది వేడిగా ఉండేది. పొయ్యి ఎక్కకుండానే పిండి వేడిగా ఎందుకుందో అని ఇంటికెళ్ళేదాకా ఆలోచించేదాన్ని. రాళ్ళ రాపిడి అని మా అమ్మ రెండు చేతులూ రుద్ది నా బుగ్గకి ఆనించింది. బళ్ళో ఘర్షణ పాఠం వచ్చినప్పుడు తరగతిలో నాకొక్కదానికే బుగ్గ వెచ్చబడింది. ఒకసారి మా ముందు మిరపకాయలు ఆడించినవాళ్ళు ఉన్నారు. మరాయన మా గింజలు పొయ్యకముందే దోసెడు నూకలు వేసి మర కడిగాడు. అమ్మ అడగలేదు, ఆయనే చేశాడు. “పిల్ల తినాలి గదమ్మా,” అన్నాడు నన్ను చూపించి. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. పల్లెలో సాయంకాలం పాల కేంద్రం దగ్గర నిలబడితే చాలు, లాక్టోమీటరు పాలల్లో తేలుతూ మునుగుతూ ఉంటే ఎవరి క్యానులో నీళ్ళెన్నో పిల్లలే చెప్పేస్తారు. శ్రీకాకుళం వైపు నౌపడలో, బాపట్ల వైపు చినగంజాంలో ఉప్పు కొఠార్లున్నాయి. అక్కడ పొయ్యి లేదు, నిప్పు లేదు, సముద్రపు నీళ్ళని మడికట్టి ఎండకి వదిలేస్తారు. ఎండే వంట చేస్తుందని తెలిసిన పిల్లాడు పళ్ళెంలో ఉప్పు పారబోయడానికి వెనకాడతాడు. పాదాలకి ఉప్పు మంట ఎక్కిన కూలీని చూసినవాడైతే మరీను. హైదరాబాదు పిల్లలకి రంజాన్ నెలలో వీధి వీధినా హలీం బట్టీలుంటాయి. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికి, ఇద్దరు మనుషులు కర్రలతో చిదుముతుంటే చెమట ధారలు కడుతుంది. తినడానికి వరసలో నిలబడినప్పుడు పిల్లల్ని పది నిమిషాలు ముందుకి తీసుకెళ్ళి ఆ చేతులు చూపించడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

పెద్ద కర్మాగారాలు పిల్లలకి అన్నీ అద్దాల వెనక నుంచి చూపిస్తాయి. శుభ్రత కోసం అది తప్పదు, నేను కాదనను. కానీ అద్దానికి వాసన ఉండదు, వేడి ఉండదు, అద్దం అవతలి మనిషిని “అదేటి?” అని అడగడానికి ఉండదు. రెండూ చూపించే వీలుంటే రెండూ చూపించండి. ఒకటే వీలైతే మరనో గానుగనో ఎంచుకోమంటాను.

జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. ఆ బడి పెద్ద మాస్టారు ఒక రైతుని పిలుచుకొచ్చి ఈయన మీ వ్యవసాయం టీచరని పిల్లలకి పరిచయం చేస్తాడు. ఆ రైతు తను టీచరు కాదని మొహమాటపడతాడు. మన గానుగ తాతలు, మరాయనలు, పూతరేకులు తీసే ఆడవాళ్ళు కూడా అలాగే మొహమాటపడతారు. పిల్లల్ని తెస్తామంటే ముందు భయపడతారు కూడా, ఏం తప్పు పట్టడానికొస్తున్నారోనని. అందుకే వెళ్ళేముందు పెద్దవాళ్ళు ఒకసారి వెళ్ళి కూచుని మాట్లాడి రావాలి. వాళ్ళ పని ఆగిన గంటకి మనం వాళ్ళ సరుకు కొని తీరాలి. తప్పులెన్నడానికి పిల్లల్ని పనిముట్లుగా తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. ఆ గుంటడు తాతని పట్టించడానికి అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు, అందుకే ఆ మాటకి బలం.

పోయిన శీతాకాలం మా తమ్ముడి మనవరాలిని ఆత్రేయపురం తీసుకెళ్ళాను. నాలుగేళ్ళది. ఆ ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రోడ్డు పొడుగునా దుకాణాలే. మేం దుకాణానికి కాకుండా వెనక వీధిలో ఒకావిడ ఇంటికి వెళ్ళాం. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. నీళ్ళలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఇలా పరిచి అలా లాగింది, అంతే, రెప్పపాటులో ఒక తెల్లటి పొర లేచింది. పాప నోరు తెరిచి చూసింది. ఒక రేకు చేతికిస్తే ముఖానికి అడ్డం పెట్టుకుని దానిలోంచి ఆవిడని చూసి నవ్వింది. ఇంతలో గాలి తిరిగి పొగ మా మీదికొచ్చింది. పాప కళ్ళు నలుపుకుంటూ వెనక్కి జరిగింది. ఆవిడ జరగలేదు, చెయ్యి ఆపలేదు.

“నీకు కళ్ళు మండవా అమ్మమ్మా?”

“మండుతాయమ్మా. చిన్నప్పటినించి ఈ పొయ్యి దగ్గరే గదా, అలవాటైపోయింది.”

పాప ఒక్క క్షణం ఆలోచించి, పొయ్యికి దూరంగానే ఉండి ముందుకి వంగి, చేతిలో ఉన్న రేకుతో ఆవిడ ముఖానికి విసరబోయింది. రేకు పుటుక్కున విరిగి ముక్కలు ఆవిడ ఒళ్ళో పడ్డాయి. ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, ఆ ముక్కలు ఏరి నోట్లో వేసుకుని, పాపకి మరో రేకు తీసిచ్చింది.